పావు గిర

మా బడిలో పిల్లలు నన్ను వెనకాల ‘సొన్నె మిస్సు’ అంటారు. సొన్నె అంటే కన్నడంలో సున్నా. నా ముందు ఎవరూ అనరు కానీ, బడి గోడలకు చెవులుంటే టీచర్లకు ఉండవా? జవాబు నూటికి నూరుపాళ్లు సరిగ్గా ఉన్నా, పక్కన కొలత పేరు రాయకపోతే నేను సున్నా వేస్తాను. నలభై ఐదు అని రాస్తే ఏమని అర్థం చేసుకోవాలి? నలభై ఐదు మూరలా, మైళ్లా, మామిడికాయలా? అంకె ఒక్కటే అయితే అది సగం మాట, సగం మాట అబద్ధంతో సమానమని ఇరవై రెండేళ్లుగా పిల్లల చెవుల్లో ఇల్లు కట్టుకుని పోరుతున్నాను. ఆ సూత్రం నా ఇంట్లో నేనే తప్పాను. అందుకే ఇది రాస్తున్నాను.

నేను ఉండేది రాయచూరులో, పనిచేసేది యరగేర హైస్కూల్లో. రోజూ బస్సులో పోయి వస్తాను. జూన్‌లో బడి తెరవగానే ఎనిమిదో తరగతికి సైన్సులో నేను చెప్పే మొదటి పాఠం కొలతలు. పుస్తకంలో ఉన్నట్టు చెప్తే ఆవలిస్తారని, పిల్లల చేతనే బల్లలు కొలిపిస్తాను. వాళ్లు అరచేతులు చాచి గేణు, రెండు గేణులు అని కన్నడంలో జానలు లెక్కపెడతారు. తాడును మూరలేస్తారు. ఆ తర్వాత బోర్డు మీద ఆ మూరను అంగుళాలు చేసి, సెంటీమీటర్లు చేసి, మిల్లీమీటర్లు చేసి, మైక్రాన్లు చేసి, చివరికి నానోమీటర్లలోకి దించుతాం. మూర అంటే పద్దెనిమిది అంగుళాలు. నానోమీటర్లలోకి దిగేసరికి అదే మూర నలభై ఐదు కోట్ల డెబ్బై రెండు లక్షలవుతుంది. పిల్లలకు అది భలే సరదా. ఒక ఏడు ఒక పిల్ల, మా ఎద్దు తోక కూడా కోట్లకు పడగెత్తింది మిస్ అంటే క్లాసంతా గొల్లుమంది. నేనూ నవ్వాను.

తర్వాత ఒక మాట తప్పకుండా చెప్పేదాన్ని. తాడు పెరగలేదర్రా, కొలిచే కర్ర చిన్నదయింది, అంతే. సున్నాలు చూసి మోసపోకండి.

ఇప్పుడు ఆ మాట చెప్పేటప్పుడు బోర్డు వైపు తిరిగి చెప్తాను.

మా నాయిన దర్జీ. రాయచూరు బట్టల బజారు పక్క గల్లీలో ఒక తలుపు వెడల్పు దుకాణం ఆయనది. మిషను, ఇస్త్రీ బల్ల, గోడకు అద్దం పోగా, మనిషి కూర్చోవడానికి మిగిలేది ఒక చెక్క బల్ల. బడి అయ్యాక ఆ బల్ల మీద కూర్చునే నేను హోంవర్కు రాసుకునేదాన్ని. పనినేర్పిన ఉస్తాదు పోతూ పోతూ నాయినకు ఒక ఇనుప గజం ఇచ్చిపోయాడు. గజం పొడవునా పదహారు ఇత్తడి చుక్కలు. చుక్కకూ చుక్కకూ మధ్య దూరం ఒక గిర. అంటే రెండుంబావు అంగుళాలు. నైజాము కాలం నాటి కొలత అది. ప్రభుత్వాలు మారి, మీటర్లు వచ్చి, నాయిన మెడలో టేపు వేలాడుతున్నా సరే, నోట మాత్రం గిరలే. టేపుకు రెండో పక్క సెంటీమీటర్లుంటాయని ఆయనకు తెలుసో తెలియదో, నా జన్మలో ఆయన ఆ పక్కకు తిప్పింది నేను చూడలేదు.

బట్టల కొట్ల వాళ్ల సంగతి ఒకటి ఆయన నాకు చిన్నప్పుడే చెప్పాడు. తానులో గజం కంటే తక్కువ ముక్క మిగిలితే, ముక్కాలు గజమే ఉందని ఏ షావుకారూ అనడట. పన్నెండు గిరలుంది తీసుకోమ్మా అంటాడట. ముక్కాలు అంటే తక్కువని మనసు గుంజుతుంది, పన్నెండు అంటే నిండుగా వినిపిస్తుంది. గజం తక్కువైన కాడ గిరల లెక్క చెప్పాలె, అది బజారు నీతి అని నవ్వేవాడు.

షావుకార్లను అన్నాడు గానీ, ఆయన మాత్రం తక్కువ తిన్నాడా? మస్కి సంతలో అగ్గువకు దొరికిందని ఎవరో ఒకామె కట్‌పీసు పట్టుకుని వచ్చేది, బిడ్డకు గౌను కుట్టమని. చూస్తేనే తెలిసిపోయేది, అది చాలదని. నాయిన గజం పెట్టి కొలిచినట్టు చేసి, పన్నెండు గిరలుందమ్మా, బాగనే ఉంది అని పంపించేవాడు. ఆమె వెళ్లాక బల్ల కింది పేలికల మూటలోంచి ఆ రంగుకు దగ్గర్లో ఉన్న ముక్క వెతికి, గౌను అంచుకు పట్టీలాగా వేసేవాడు. చాలలేదని ఎందుకు చెప్పవని అడిగితే, చెప్తే ఆమె ఏం చేస్తది, సంతకు మళ్లి పోతదా అనేవాడు. నాకప్పుడు తొమ్మిదో పదో ఏళ్లు. అబద్ధం చెప్పడం ఇంత తేలిక అనుకున్నాను.

అమ్మ నా కాలేజీ రోజుల్లోనే పోయింది. నేను పెళ్లి చేసుకోలేదు. దాని గురించి చెప్పడానికి పెద్ద కథేమీ లేదు, చేసుకోలేదు, అంతే. ఇంట్లో నేనూ నాయినే. ఉద్యోగం వచ్చిన మొదటి ఏడు, బడిలో చేరే రోజుకని ఆయన నాకొక రవికె కుట్టాడు. ఆ తర్వాత ప్రతి ఏడూ బడి తెరిచే రోజుకు ఒక కొత్త రవికె ఆయన చేత్తో కుట్టింది ఉండాల్సిందే. దుకాణం మూసేసి, మిషను ఇంటికి తెచ్చుకున్నాక కూడా ఆ ఒక్క పని మానలేదు. చలికాలంలో బట్ట కత్తిరించి పెట్టుకుని, ఎండాకాలంలో కుట్టడం ఆయన పద్ధతి. మిషను కుట్టు ఒక రోజులో అయిపోయేది. చేతికుట్టు, హుక్కులు, అంచులు మడవడం వారం రోజులు సాగదీసేవాడు. అంత సాగదీయడానికి అందులో ఏముందో నాకు తెలియదు. ఆయనకు చేతిలో పని ఉండాలి.

షుగరు ఆయనకు పదిహేనేళ్లుగా ఉంది. ఎడమ కంటి చూపు ఎప్పుడు పోయిందో ఆయనకే తెలియలేదు. సూదిలో దారం ఎక్కించేటప్పుడు ఎడమ కన్ను మూసుకోవడం దర్జీలకు అలవాటే కదా, మూసుకున్న కన్ను పోయిందని ఎవరికి తెలుస్తుంది? కుడి కన్నుతోనే నెట్టుకొచ్చాడు. రెండేళ్ల కింద డిసెంబరులో నా రవికె గుడ్డ కత్తిరించాడు. ముదురాకు రంగు నూలు బట్ట. కత్తిరించడం బాగానే అయింది. తర్వాత అంచు మడవడానికి సుద్దతో గీస్తుంటే గీత పక్కకు పోతోందన్నాడు. సుద్ద గీత నడుమ విరిగినట్టు కనిపిస్తోందట. గీత విరగలేదు, నేను చూశాను.

కంటి ఆసుపత్రిలో డాక్టరమ్మ కన్ను లోపలి పొర ఫొటో తీయించింది. కాగితం మీద రంగురంగుల గుండ్రని బొమ్మ, దాని నడుమ ఒక అంకె: 486. పక్కన మైక్రాన్లు అని ఉంది. నా దృష్టి ముందు దాని మీదికే పోయింది, వాళ్లు కొలత పేరు రాశారని సంతోషపడ్డాను కూడా. మనిషి బుద్ధి ఎంత వంకరో చూడండి. చూపు నిలిచే చోట ఆ పొర రెండు వందల యాభై వరకూ ఉండాలట. నీరు చేరి ఇంత ఉబ్బింది. నెలకొక సూది కంట్లో వేస్తే ఉబ్బు దిగవచ్చు, దిగితే చూపు నిలుస్తుంది, కొందరికి దిగదు, ఉన్నది ఒక్క కన్నే కాబట్టి నెల తప్పించవద్దు అని డాక్టరమ్మ కన్నడంలో నిదానంగా చెప్పింది.

ఇంటికొచ్చాక నాయిన నన్ను అడిగాడు, ఆ మైక్రాను అంటే ఎంత అని. నేను టీచరును కదా, సూదీ దారమూ తీసుకుని కూర్చున్నాను. అంగుళంలో ఇరవై ఐదు వేల నాలుగు వందల మైక్రాన్లు నాయినా అన్నాను. ఈ సూది మందం సుమారు ఏడు వందలు. ఈ దారం మందం రెండు వందల చిల్లర. నీ కంట్లో ఎక్కువైంది ఇగో, ఈ దారం పోగంత.

ఆయన ఆ దారాన్ని బొటనవేలు చూపుడువేలు మధ్య పెట్టి చాలాసేపు నలిపాడు. రోజూ మిషను కింద దీనికంటే ఎక్కువ ఊడ్చి పారేస్తుంటి గద అన్నాడు.

ఆ మరునాటి నుంచి ఆయనకొక పరీక్ష మొదలైంది. నేను పెట్టింది కాదు, ఆయనే పెట్టుకున్నాడు. పొద్దున్నే వాకిట్లో వెలుతురు పడేచోట పీట వేసుకుని, నాలుకతో తడిపి దారం కొన సన్నం చేసి, సూదిలోకి ఎక్కించేవాడు. ఎక్కితే ఆ దారం సూదిని చొక్కా కాలరుకు గుచ్చుకునేవాడు. అది ఆయన పాత అలవాటు, దుకాణంలో ఉన్నన్నాళ్లూ ఆయన కాలరుకు ఎప్పుడూ రెండు మూడు సూదులు ఉండేవి. వేసవిలోగా సొంతంగా దారం ఎక్కించుకుని నా రవికె పూర్తి చేయాలి, అదీ ఆయన పంతం. దారం నన్ను ఎక్కించి ఇమ్మంటే ఇవ్వనా? అడిగేవాడు కాదు. వేరేవాళ్లు దారమెక్కించిన సూదితో కుట్టేవాడు దర్జీ ఎట్లవుతడు అనేవాడు.

ఆ డిసెంబరు ఆఖరునే కంట్లో మొదటి సూది పడింది. నెల తర్వాత ఫొటో తీస్తే 466 వచ్చింది. ఇరవై మైక్రాన్లు తగ్గింది. డాక్టరమ్మ ముఖంలో ఏ సంతోషమూ లేదు, చూద్దాం అంది. ఆటోలో కూర్చున్నాక నాయిన నా వైపు చెవి తిప్పి ఎంత తగ్గిందని అడిగాడు. రెండు వందల ముప్పై తగ్గాల్సిన చోట ఇరవై అని చెప్పాలి. ఇరవై వేలు తగ్గింది నాయినా అన్నాను.

ఇరవై వేలా అన్నాడు. అవును, నానోమీటర్లలో అన్నాను. అబద్ధం ఎక్కడుంది? ఇరవై మైక్రాన్లంటే ఇరవై వేల నానోమీటర్లే. ప్రపంచంలో ఏ పరీక్షలో అయినా ఆ జవాబుకు నిండు మార్కులు వేయాలి. ఆయన ముఖం వికసించింది. ఇంటికి చేరేలోపు ఆటో అతనితో కూడా ఉర్దూలో చెప్పాడు, కంట్లో ఇరవై వేలు తగ్గిందని. అతను ఏం తగ్గిందనుకున్నాడో, షుక్ర్ హై, దేవుడి దయ అన్నాడు.

రెండో నెల 458. ఎనిమిది తగ్గింది. ఎనిమిది వేలు నాయినా అన్నాను. ఆయన, పోయిన నెలకంటే కమ్మీ అయింది కదా అన్నాడు. ఇరవై వేల పక్కన ఎనిమిది వేలు ఎంత చిన్నగా వినిపిస్తుందో అప్పటిదాకా ఆలోచించలేదు. మొదట్లో కొంచెం ఎక్కువ తగ్గుతుంది, తర్వాత నిదానంగా తగ్గుతుందని ఏదో సర్దిచెప్పాను.

మూడో నెల మార్చిలో. 455. మూడంటే మూడు. ఆసుపత్రి మెట్లు దిగుతూ నేను లెక్కలు కట్టాను. మూడు వేలు అని చెప్తే ఆయన కుంగిపోతాడు. నానోమీటరు కంటే చిన్నది ఇంకొకటి ఉంది కదా, పికోమీటరు. ఆటో ఎక్కేసరికి లెక్క తయారైంది. ఆయన అడగకముందే చెప్పాను, ఈసారి ముప్పై లక్షలు తగ్గింది నాయినా అని. నా గొంతు నాకే వింతగా వినిపించింది, కాస్త పైకి లేచినట్టు. అరచేతిలో వైకుంఠం చూపించేవాళ్ల గొంతు అట్లాగే ఉంటుంది కాబోలు.

ఆయన తల ఊపాడు. ఆటో అతనితో ఏమీ చెప్పలేదు. ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుని పడుకున్నాడు.

ఏప్రిల్‌లో పదో తరగతి పేపర్లు దిద్దే డ్యూటీ పడింది నాకు. పొద్దున పోతే సాయంత్రం దాకా. సెలవు దొరకడం కష్టమే కానీ, ఏదో ఒకటి చేసి ఒక పూట తెచ్చుకుంటానన్నాను. నాయిన వద్దన్నాడు. లక్షలు లక్షలు తగ్గింది కదా, ఒక నెల ఆగుదాం, ఎండలు తగ్గనీ అన్నాడు. నేను రెండుసార్లు అన్నాను, ఆయన రెండుసార్లు వద్దన్నాడు. మూడోసారి నేను అనలేదు.

ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను. ఆయన వద్దన్నప్పుడు నాకు లోపల ఎక్కడో హాయిగా అనిపించింది. పేపర్ల డ్యూటీ ఒక కారణమే. అసలు కారణం, ఆ నెల ఆటోలో కూర్చుని అంకె చెప్పాల్సిన పని తప్పింది. మే నెల కూడా అట్లాగే జరిగిపోయింది. రాయచూరు ఎండ గురించి చెప్పేదేముంది, బయటికి పోదామంటే ఎవరికీ మనసొప్పదు.

ఆ నెలల్లో నేను రిపోర్టు కాగితాలు తీసి తీసి చూసుకున్నాను. మూడు బొమ్మలు పక్కపక్కన పెట్టి రంగులు పోల్చుకున్నాను. ఆయన చొక్కా కాలరు వైపు మాత్రం చూడలేదు. చూసుంటే తెలిసేది. ఫిబ్రవరి నుంచి ఆ కాలరుకు సూది లేదు.

బడి తెరవడానికి వారం ఉందనగా ఒక పొద్దున ఆయన వాకిట్లోంచే నన్ను పిలిచాడు. కంటి ముందు నల్లటి దారాలు వేలాడుతున్నాయన్నాడు. చేత్తో పక్కకు తోసుకోబోయాడు కూడా. మధ్యాహ్నానికి ఆ దారాలన్నీ కలిసి తెరలా పడ్డాయి. లోపల రక్తం కారిందని డాక్టరమ్మ చెప్పింది. హైదరాబాదు పంపింది, అక్కడ ఆపరేషను చేశారు, రక్తం తీశారు, చూపు రాలేదు. ఏప్రిల్ సూది, మే సూది వేయించుంటే నిలిచేదా అని తిరిగొచ్చాక మా డాక్టరమ్మను అడిగాను. చెప్పలేమమ్మా, కానీ వదిలేయకుండా ఉండాల్సింది అంది. ఆమె తిట్టి ఉంటే బాగుండేది.

ఆ జూన్‌లో పాత రవికెతో బడికి పోయాను. కొలతల పాఠం పక్కటీచరుకు అప్పగించి, నేను గాలి, నీరు అంటూ ఇంకో పాఠం చెప్పుకున్నాను.

ఇంట్లో ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. అదే నన్ను తినేసింది. గోడ పట్టుకుని నడవడం నేర్చుకున్నాడు. రేడియో వినేవాడు. మిషను దగ్గర కూర్చుని చక్రం తిప్పి చూసేవాడు, ఉత్తినే. కత్తిరించిన ఆకుపచ్చ ముక్కలు మిషను సొరుగులో అట్లాగే ఉన్నాయి. నేను అన్నం పెట్టేటప్పుడు, మందు ఇచ్చేటప్పుడు, ప్రతిసారీ నోటిదాకా వచ్చేది. ఈ మనిషి నా అంకెలు నమ్మి కన్ను పోగొట్టుకున్నాడు, నాకు సున్నా వేసేవాళ్లు ఎవరూ లేరు అనుకునేదాన్ని.

శ్రావణంలో ఒక ఆదివారం మధ్యాహ్నం, బయట ముసురు. నాయిన మిషనుకు నూనె వేస్తున్నాడు. ఏ బెజ్జంలో ఎన్ని చుక్కలు వేయాలో వేళ్లకే తెలుసు. నేను వచ్చి చెక్క బల్ల మీద కూర్చున్నాను, చిన్నప్పటి బల్లే అది. ఇక ఉండబట్టలేక చెప్పేశాను.

“తప్పు నాది నాయినా. తగ్గింది ఏం లేకుండె. గోరంతది కొండంత చేసి నేనే నీకు చెప్పిన. నువ్వు నమ్మి సూది మానుకున్నవ్.”

ఆయన నూనె డబ్బా మూత పెట్టి, చేతులు గుడ్డకు తుడుచుకున్నాడు.

“ఎవరు నమ్మినరు?” అన్నాడు. “గజం తక్కువైన కాడ గిరల లెక్క చెప్పాలని నీకు చెప్పింది నేనే గద బిడ్డా. మొదలు వేలల చెప్తివి. మల్ల లక్షలల చెప్తివి. కొల మార్చిన్రంటె బట్ట కమ్మీ ఉన్నట్టే. డాక్టరమ్మ కంటె ముందు నాకు పొద్దుగాల సూదే చెప్తుండె.”

తెలిసి ఉండి ఎందుకు మానుకున్నావని అడిగాను. అరిచినట్టే అడిగాను.

“నీ గొంతు విన్న ఆటోల,” అన్నాడు. “వణుకుతుండె. వచ్చే నెలకు దీనికంటె చిన్న కొల యాడ దేవులాడుతదో నా బిడ్డ అనిపించె. గదే, ఇంకేం లేదు.”

నాకు ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. నన్ను ఏడవనిచ్చి నువ్వు సూది వేయించుకోవాల్సింది, నా ఏడుపుకూ నీ కన్నుకూ ఏం పోలికని నోటికొచ్చినట్టు అన్నాను. ఎదుటి మనిషి మీద అరుస్తున్నాననుకున్నాను కానీ, అరిచింది నా మీదే. మూడు నెలలు ఆయన్ని కాపాడుతున్నానని నేను లెక్కలు కడుతుంటే, ఆయన నన్ను కాపాడుతున్నాడు. ఒకరికొకరు అన్నట్టు ఇద్దరం కలిసి ఉన్న ఒక్క కన్నూ పోగొట్టాం. మొదటి రోజు ఆటోలో, ఇరవయ్యే తగ్గింది నాయినా, నాకు భయంగా ఉంది అని చెప్పి ఉంటే, ఇద్దరం భయపడుతూనే నాలుగో నెల కూడా ఆసుపత్రికి పోయేవాళ్లం. అప్పుడు కూడా చూపు నిలిచేదో లేదో తెలియదు. కానీ పోయేవాళ్లం.

ఆయన నా అరుపులన్నీ విన్నాడు. అయిపోయాక సొరుగు లాగి, తడుముకుని, ఆకుపచ్చ ముక్కలు తీసి నా ఒళ్లో పెట్టాడు. నువ్వే కుట్టు, నేను చెప్త అన్నాడు.

దర్జీ బిడ్డనే కానీ నాకు కుట్టు రాదు. చదువుకుంటున్నావు కదా, ఇది నీకెందుకని ఆయనే ఎన్నడూ నేర్పలేదు. అరవై రూపాయల లైనింగు గుడ్డ తెచ్చి ముందు దాని మీద నేర్పించాడు. నా చెయ్యి మీద చెయ్యి వేసి, బట్ట ఎంత లాగాలో చూపించేవాడు. కుట్టు చప్పుడు విని గీత తప్పిందని చెప్పేవాడు. ఆదివారాలే కుదిరేది. తిట్టేవాడు కూడా, దుకాణంలో పనివాళ్లను తిట్టినట్టు. నా చేతులకు బుద్ధి లేదన్నాడు. ఇరవై రెండేళ్లుగా పిల్లల్ని అదే మాట అంటున్నాను కాబట్టి నోరు మూసుకున్నాను. దారం నేను ఎక్కించి ఇచ్చేదాన్ని, చేతికుట్టు వంతు ఆయన తీసుకునేవాడు. వేలిని వేలికి ఆనించి, తడిమి తడిమి వేసిన కుట్లు. సగం కుట్లు వంకర. వేరేవాళ్లు ఎక్కించిన దారం గురించి ఏమీ అనలేదు.

చలికాలం దాటి, ఎండలు ముదిరేటప్పటికి అయిపోయింది. పోయిన మే ఆఖరున ఒక సాయంత్రం తొడుక్కుని ఆయన ముందు నిలబడ్డాను. నాయిన లేచి, భుజాల కుట్టు తడిమాడు. చేతులు పట్టి, రెండు రెట్టల మీదా ఒకేసారి అంచు దాకా వేళ్లు జార్చాడు. కుడివైపు వేళ్లు కాస్త కిందికి పోయి ఆగాయి. ఆయన పెదవుల మీద నవ్వులాంటిది వచ్చింది.

“కుడి చెయ్యి పొడుగొచ్చింది. ఎంత?” అని అడిగాడు.

ఆయన వేళ్లకు అది అప్పటికే తెలుసు. నా చేత చెప్పించుకోవాలని అడిగాడు. టేపు తీసుకుని కొలిచాను. నానోమీటర్లలో కోటీ నలభై రెండు లక్షల పైచిలుకు అవుతుంది. అలవాటు కొద్దీ ఆ అంకె తలలో మెదిలింది.

“పావు గిర నాయినా,” అన్నాను. “తప్పు కుట్టిన.”

“పావు గిరనే,” అని తల ఊపి, ఎడమ చేత్తో పీట కోసం వెతుక్కుంటూ మెల్లగా కూర్చున్నాడు. విప్పి మళ్లీ కుట్టమని అంటాడేమోనని చూశాను. అనలేదు. నేనూ విప్పలేదు. ఈ జూన్‌లో బడి తెరిచిన రోజు అదే తొడుక్కుని యరగేర బస్సెక్కాను, కొలతల పాఠం నేనే చెప్పాను.